వాకిటిలోని పాత కారు



గడచిన మాసమున విశాఖపట్టణమునుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము నా బల్లమీద నున్నది. ఆమె తండ్రిగారు స్వర్గస్థులై యేడాది కావచ్చినది. వారు ముప్పది యేండ్లు కంటికి రెప్పవలె చూచుకొనిన అంబాసిడరు కారు ఇప్పుడామె యింటికి వచ్చినది. భర్తగారు ఉద్యోగరీత్యా పరరాష్ట్రమున నున్నారు. ఇంట నామెయు, ఇద్దరు పిల్లలును, వృద్ధురాలగు అత్తగారును మాత్రమే. "కారు నడుపుట నాకు వచ్చును గాని దానిని కాపాడుట యెట్లో తెలియదు. ప్రక్క వీధిలో నొక పాత జీపు రాత్రికి రాత్రి మాయమైనది. నాటినుండి ఏ చప్పుడైనను లేచి కిటికీలోనుండి చూచుచున్నాను. బియ్యమునకు పురుగు పట్టకుండుటయు, పట్టుచీరలు దాచుటయు వ్రాసితిరి గదా, దీనిని గూర్చియు నాలుగు మాటలు వ్రాయుడు" అని యామె కోరినది.

కార్ల సంగతి ఆడవారి పత్రికలో నేల యని కొందరనవచ్చును. ఉద్యోగములకు పోవు సోదరీమణులు నేడు పెక్కండ్రు కలరు, నిజమే. ఐనను వాకిట నెవరో నిలిచి "అయ్యగారు పంపించారండి" అన్నప్పుడు తలుపు తీసి బదులు చెప్పువారు ఇంటింటను ఎవరో మీకు తెలియును. తాళపుచెవి యెచ్చట నున్నదో, బీమా కాగితము ఏ సొరుగులో నున్నదో చెప్పవలసినవారును మనమే.

మా యింటను ఒక పాత బండి కలదు. 1979లో మా మామగారు కొనిన ప్రీమియర్ పద్మిని. ఇటలీ దేశపు ఫియట్ 1100 మాదిరిని తీసికొని బొంబాయిలోని కుర్లా కార్ఖానాలో ప్రీమియర్ ఆటోమొబైల్సు వారు 1964 నుండి తయారుచేసిన బండియే ఇది. పద్మిని యను పేరు 1974లో వచ్చినది. 2000 సంవత్సర ప్రాంతమున తయారీ నిలిచిపోయినది. మా కోనసీమలో పెద్దలు ఇప్పటికిని దానిని 'ఫియట్టు' అనియే పిలుతురు. ఉత్తరము వ్రాసిన సోదరి అంబాసిడరు తయారీయు 2014లో ఆగినది. మారుతి 800 సంగతియు అంతే.

తయారీ నిలిచిన బండికి రెండు విధముల గిరాకి. దానిపై మోజుపడువారు మంచి వెల యిచ్చి కొందురు. అట్లు కొన్నవారికి బంపరు, దీపపు అద్దము, తలుపు పిడి మొదలగునవి క్రొత్తవి దొరకుట కష్టము గనుక, ముక్కలుగా విప్పి అమ్మినను ఆ ముక్కలకు వెల కలదు. మన కంటికి మామగారి జ్ఞాపకముగా కనబడునది దొంగ కంటికి బంపరుగాను, గుండ్రని దీపముగాను కనబడును.

ఇక ఎత్తుకొనిపోవుట వానికేల సులభము? ఇప్పటి కార్ల తాళపుచెవి తలలో కంటికి కనబడని చిన్న గుర్తుముక్క యొకటి యుండును. ఇంజను నడిపించు కంప్యూటరు ఆ గుర్తును పోల్చుకొననిదే బండి కదలదు. ఐరోపాలో క్రొత్త కార్లకు ఇట్టి యేర్పాటు 1998 నుండి తప్పనిసరి చేసిరి. మన పాత బండ్లకు అది లేదు. వాటి తాళము ఒక దీపపు స్విచ్చివంటిది. తీగల సంగతి తెలిసినవానికి తాళపుచెవితో పనియే లేదు. తలుపు తాళములా, నలువది యేండ్లు త్రిప్పి త్రిప్పి అరిగిపోయినవి. మా చిన్నవాడు ఒకనాడు తన మేనత్త స్కూటరు చెవితో మా పద్మిని తలుపు తీసి చూపినప్పుడు నా గుండె జారిపోయినది. ముందు తలుపుల చివర నుండు మూడు మూలల చిన్న అద్దమును గొళ్ళెము సడలినచో బయటినుండి చేతితో త్రోసినను తెరచుకొనును. మొట్టమొదట ఈ రెండు సంగతులను చూపించుకొని బాగుచేయించుడు. ఖర్చు స్వల్పము.

ఇంత మాత్రమున భయపడవలదు. బండి సాదాగా నుండుటచే మనకును ఒక మేలున్నది. మా అత్తగారి వక్కల డబ్బా కథ చెప్పినచో అది మీకు తెలియును.

1992లో మా అత్తమామలు కాశీయాత్రకు వెళ్ళిరి. నేనప్పటికి క్రొత్త కోడలిని. బయలుదేరుటకు ముందు మామగారు బోనెట్టు తెరచి, డిస్ట్రిబ్యూటరు అను నల్లని గిన్నెవంటి దాని మూతకున్న రెండు క్లిప్పులు విప్పి, లోపలనుండి బొటనవ్రేలంత ముక్క నొకదానిని పైకి లాగిరి. మూత మరల బిగించి, ఆ ముక్కను మా అత్తగారి చేతిలో పెట్టి "ఇది నీ దగ్గరుంచు" అనిరి. ఆమె దానిని కొంగుతో తుడిచి, తన వక్కల డబ్బాలో అడుగున పడవేసి, డబ్బాను నాకప్పగించి రైలెక్కినది.

ఆ ముక్కను రోటరు అందురు. ఇంజనులోని నాలుగు సిలిండర్లకును వరుసగా నిప్పురవ్వను వడ్డించునది అదియే. వంట యెంత సిద్ధముగానున్నను వడ్డించువారు లేనిచో విస్తరిలో మెతుకు పడదు గదా! రోటరు లేనిచో బ్యాటరీ బాగున్నను, పెట్రోలు నిండుగానున్నను, ఇంజను గిరగిర తిరుగునే గాని అంటుకొనదు.

వారు వెళ్ళిన పదునొకండవనాటి తెల్లవారుజామున పాలవాడు తలుపు కొట్టి, "అమ్మగారూ, మీ కారు కాలవగట్టు మీదుందేంటండి?" అన్నాడు. నేనును మావారును పరుగెత్తితిమి. ఎవరో గేటు గొళ్ళెము తీసి, చప్పుడు కాకుండ బండిని వీధి చివరి వరకు త్రోసికొనిపోయిరి. బోనెట్టు తెరచియే యున్నది. తీగలు బయటికి లాగబడియున్నవి. చక్రము ప్రక్కన అయిదారు బీడీముక్కలు పడియున్నవి. ఎంతసేపు ప్రయత్నించిరో, తుదకు విసిగి వదలిపోయిరి. కాశీనుండి వచ్చి సంగతి విన్న మామగారు మీసములలో నవ్వుకొనిరి. మా అత్తగారు మాత్రము వక్కలన్నిటికిని గ్రీజు వాసన పట్టినదని రెండు దినములు కోపముగా నుండినది.

ఈ యుపాయము మా మామగారు కనిపెట్టినది కాదు. 1940లో జర్మను సేనలు తమ దేశమున దిగునేమో యను భయముతో ఇంగ్లండు ప్రభుత్వమువారు, మనిషి లేక నిలిపియుంచిన మోటారు బండ్లను కదలకుండ చేసి పోవలెనని ఆజ్ఞ యిచ్చిరి. అప్పుడచ్చటి గృహస్థులు రోటరును లాగి జేబులో వేసికొని పోవుట అలవాటు చేసికొనిరి. ఎనుబదియేండ్లు దాటినను పని చేయుచున్న యుపాయమిది. అయితే ఒక హెచ్చరిక. ఇది పెట్రోలుతో నడచు పాత ఇంజన్లకు మాత్రమే. డీసెలు అంబాసిడరుకును, డీసెలు జీపుకును నిప్పురవ్వతో పనిలేదు గనుక వాటిలో ఈ ముక్కయే యుండదు. ఉత్తరము వ్రాసిన సోదరి తన బండి యే నూనెతో నడచునో వ్రాయలేదు. ఆర్.సి. పుస్తకములో చూచుకొనవలెను. తీయుటకు ముందు మెకానిక్కును పిలిచి ఒకసారి చేసి చూపుమని యడిగి, ఆ తరువాత తానుగా చేయుట మంచిది. ఇంజను వేడిగా నున్నప్పుడు చేయి పెట్టరాదు.

ఊరికి పోవునప్పుడు సరే, ప్రతిదినము బోనెట్టు తెరచుట ఎవరికి సాధ్యము? దానికి వేరొక యుపాయము కలదు. తాళమునుండి ఇగ్నిషను కాయిలుకు పోవు తీగలో నొక రహస్యపు స్విచ్చి పెట్టించుట. అది యెక్కడనున్నదో ఇంటివారికి తప్ప తెలియరాదు. పెట్టించుటలో మాత్రము పొదుపు చూపవలదు. ఆ తీగలో నాలుగు ఆంపియర్ల వరకు విద్యుత్తు ప్రవహించును. సన్నని తీగయు, చౌక స్విచ్చియు వేసినచో వేడెక్కి కాలును, లేదా నడివీధిలో బండి నిలిచిపోవును. మా వీధిలో నొక పెద్దమనిషి దానిని దాచవలెనను ఆత్రముతో ఎట్టి చోట పెట్టించుకొనెననగా, వర్షములో దానికై వెదకుచు తానే అరగంట తడిసెను! సీటుమీద కూర్చుండి, కంటితో చూడకయే చేయి చాపిన అందునట్టి చోటు చాలును. పెట్టిన పనివాని ముందే దానిని గూర్చి ఇరుగుపొరుగులకు చెప్పుట మన బలహీనత. అది మానవలెను.

బ్యాటరీ తీగను త్రెంపివేయు పెద్ద స్విచ్చియు బజారులో దొరకును. దొంగమాట అటుంచి, పాత తీగలు రాచుకొని నిప్పంటుకొనకుండుటకును, నెలల తరబడి కదలని బండి బ్యాటరీ చచ్చిపోకుండుటకును నేను దీనిని ఎక్కువగా మెచ్చుకొందును. కొందరు పెట్రోలు గొట్టములో కుళాయి పెట్టింతురు. అతుకువద్ద కారినచో నిప్పు భయము. నాకది ఇష్టము లేదు.

ఇవి యన్నియు కంటికి కనబడనివి. కంటికి కనబడునది యొకటియు ఉండవలెను. స్టీరింగును, క్రింది పెడలును కలిపి బిగించు ఇనుప కడ్డీ తాళము అట్టిది. అద్దములోనుండి చూచినవెంటనే, ఇచ్చట శ్రమ యున్నదని వానికి తెలియును. బజారులో గేరు కడ్డీకి బిగించు తాళములను చూపి కొనుమందురు. మా పద్మినికిని, పాత అంబాసిడర్లకును గేరు కడ్డీ స్టీరింగు క్రింద ప్రక్కగా నుండును గనుక అవి పట్టవు. కొనకముందు బండిలో పెట్టి చూచుకొనుడు.

ఇంత చేసినను మా జాగ్రత్తలో నొక పెద్ద కంత మిగిలినదని 2022 శ్రావణమాసమున తెలిసినది. ఆ శుక్రవారము వరలక్ష్మీవ్రతము. మామగారు అంతకు ముందే కాలము చేసిరి. మావారు హైదరాబాదులో మా పెద్దవాని యింట నుండిరి. నేను వంటింట బూరెలు వేయుచున్నాను. అత్తగారు సావిట్లో పడకకుర్చీలో కూర్చుండి పూలు కట్టుచున్నది. గేటు ముందు ఒక లారీ వచ్చి ఆగినది. వెనుక చదునైన బల్లయు, ముందు ఇనుప త్రాడు చుట్టిన యంత్రమును కలది. ఇద్దరు మనుష్యులు దిగిరి. ఒకడు చేతులు జోడించి, "అమ్మగారూ, అబ్బాయిగారు బండి అమ్మేసారండి. డబ్బు ముట్టేసింది. తాళం అక్కర్లేదండి, లాగేసుకు పోతాం" అన్నాడు. తన ఫోనులో మా బండి బొమ్మయు చూపినాడు. మా గేటు, మా మందారపు చెట్టు, అన్నియు అందులో నున్నవి.

నిజము చెప్పవలెనన్న, నేను నమ్మితిని. మా పెద్దవాడు అంతకు ముందు ఉగాదికి వచ్చినప్పుడు "ఎందుకమ్మా ఇది, అమ్మేద్దాం" అని యుండెను. నాకు చెప్పకయే అమ్మినాడని కోపము మాత్రము వచ్చినది. పిండి చేతులతోనే గేటు దగ్గరకు నడచితిని. అప్పుడు మా అత్తగారు కుర్చీలోనుండి, "ఏ అబ్బాయి, నాయనా? పేరు చెప్పు" అన్నది.

వాడు రెండవవాని వంక చూచెను. "అదేనండి, అబ్బాయిగారు" అన్నాడు.

"మాకు ఇద్దరున్నారు. ఏ అబ్బాయి? కాయితం తెచ్చావా?"

నేను లోనికి పోయి పెద్దవానికి ఫోను చేసితిని. అవతల గంట మ్రోగుచుండగనే వారు "సాయంత్రం కాయితం తెస్తామండి" అని లారీ ఎక్కిరి. మరల రాలేదు. లారీ అంకెలలో చివరి రెండు మాత్రమే నాకు కనబడినవి. పెద్దవాడు ఏమియు అమ్మలేదు. ఉగాదినాడు తీసిన ఫోటోను 'మా తాతగారి పద్మిని' అని పదిమందికి కనబడునట్లు అంతర్జాలములో పెట్టెను, అంతియే. దానిక్రింద మా యూరి పేరును చేర్చెను.

రోటరు ఆనాడును వక్కల డబ్బాలోనే యున్నది. రహస్యపు స్విచ్చి తీసియే యున్నది. ఆ రెండును బండిని నడుపుకొనిపోవు దొంగకు అడ్డుపడునవి. ఎత్తుకొనిపోవు దొంగను అవి యేమి చేయును? ముప్పది యేండ్లుగా మేము ఆలోచింపని సంగతి ఇది. నడవని పాత బండిని లాగుకొనిపోవుచున్నచో వీధిలో నెవరును అడుగరు. మరమ్మతుకో తుక్కుకో పోవుచున్నదని యనుకొందురు.

ఆ వారములోనే తాపీమేస్త్రిని పిలిపించి, షెడ్డు నేలలో కాంక్రీటుతో లావైన ఇనుప కొంకి పాతించితిమి. వెనుక ఇరుసుచుట్టు దళసరి గొలుసు త్రిప్పి ఆ కొంకికి తాళము వేయుదుము. ఇరుసువద్ద పోవు బ్రేకు గొట్టములకు గొలుసు తగులకుండ చూచుకొనవలెను, దానికి పాత సైకిలు ట్యూబు తొడిగితిమి. బండి ముఖమును గోడవైపు త్రిప్పి నిలిపి, ముందు చక్రములు ప్రక్కకు మలచి స్టీరింగు తాళము వేసినచో లాగుట మరింత కష్టము. షెడ్డు లేని అపార్ట్‌మెంటు వారు తమ రెండవ బండిని దానికి అడ్డముగా పెట్టుట మంచిది. కాపలా మనిషికి ఒక మాట గట్టిగా చెప్పి యుంచవలెను: ఎవరేమి చెప్పినను, ఫోనులో మన గొంతు విననిదే ఆ బండి గేటు దాటరాదు. పైపై ముసుగు వేసి యుంచినచో దారిన పోవువానికి లోన నేమున్నదో తెలియదు. ఫోటోలు పెట్టవలదని పిల్లలకు చెప్పిన వినరు. ఇల్లు, వీధి, నంబరు కనబడకుండ పెట్టుమని చెప్పిన వినవచ్చును.

తుక్కునకు తీసికొనిపోదుమని వచ్చువారిని గూర్చి యొక మాట. కేంద్ర ప్రభుత్వమువారు 2021లో చేసిన నియమముల ప్రకారము పాత బండ్లను తుక్కు చేయుటకు రిజిస్టరైన కేంద్రములు వేరుగా కలవు. అవి యజమాని పత్రములు తీసికొని, బండి అప్పగించినట్లు ధ్రువపత్రము నిచ్చును. కాగితము లేకుండ గేటుముందుకు వచ్చి "లాగేసుకు పోతాం" అనువానితో మనకు మాటలేల?

బండి యెచ్చట నున్నదో ఫోనుకు తెలుపు జి.పి.ఎస్. పరికరమును మా చిన్నవాడు తెచ్చి పెట్టినాడు. మంచిదే. కాని పాత బండికి దానితో రెండు చిక్కులు. బండి కదలకున్నను అది కొద్దికొద్దిగా విద్యుత్తు త్రాగుచునే యుండును గనుక, నెల తిరుగునప్పటికి బ్యాటరీ నీరసపడును. బ్యాటరీ స్విచ్చి తీసివేసితిమా, దానికి ఆహారమే ఉండదు. అందుచే తనలో సొంత బ్యాటరీ కలదానిని తీసికొని, దానిని నెలకొకసారి పూర్ణిమనాడో అమావాస్యనాడో చార్జి చేయుట అలవాటు చేసికొనవలెను. దానిలోని సిమ్ముకు రీచార్జి మరచినచో అది మూగదగును. ఇట్లు మాది రెండు నెలలు మూగదై యుండగా మేము నిశ్చింతగా నిద్రపోయితిమి.

ఇక కాగితముల సంగతి. దీనిని కొంచెము నిదానముగా చదువుడని నా ప్రార్థన. ఏలయన, మా బంధువర్గములోని ఒక పిన్నిగారికి జరిగినది చెప్పెదను. ఆమె భర్త పోయి నాలుగేండ్లయినది. ఆయన ప్రేమతో ఉంచుకొనిన పాత బండి ఇంటి ప్రక్క ఖాళీస్థలములో నుండెను. ఒకనాడు తెల్లవారి చూడగా లేదు. స్టేషనులో వ్రాయువారు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు అడిగిరి. ఆమెకు తెలియదు. ఆర్.సి. పుస్తకము దొరకలేదు. దొరికినను అది భర్త పేరుననే యున్నది, గడువు ఎప్పుడో తీరినది. బీమా యున్నదని ఆమె ధైర్యము. చూడగా అది థర్డు పార్టీ బీమా. మన బండి ఇతరులకు చేసిన నష్టమునకు మాత్రమే యది, చట్టము తప్పనిసరి చేసినదియు అదియే. బండి పోయినచో దానివలన ఒక్క రూపాయి రాదు. "ఆయన పోయినప్పటికన్న ఇప్పుడు ఒంటరిగా ఉందే" అని ఆమె నాతో అన్నది. ఆ బండి నేటికిని దొరకలేదు.

కావున మొదట చేయవలసినది పేరు మార్పించుట. యజమాని మరణించినచో 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి, 3 నెలలలో వారసుల పేరున బదిలీకి దరఖాస్తు పెట్టవలెనని మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. విశాఖ సోదరి తండ్రిగారు పోయి యేడాది యైనది గదా, ఆమె ఇక ఒక్క వారము కూడ ఆలస్యము చేయక పోయి అడుగవలెను. 2021 నుండి యజమాని బ్రతికియుండగనే ఆర్.సి.లో నామినీ పేరు వ్రాయించుకొను వీలు కలిగినది. భర్త పేరున బండియున్న సోదరీమణులు దీనిని మొగమాటపడక అడిగి చేయించుకొనుడు. సొంత వాడకపు కారుకు రిజిస్ట్రేషను 15 ఏండ్లు, ఆపైన అయిదేసి యేండ్లకు పొడిగింపు. ఏబది యేండ్లు దాటి, మొదటి రూపములోనే యున్న బండ్లకు 2021లో వింటేజి రిజిస్ట్రేషను అని వేరొక పద్ధతి పెట్టిరి. మా పద్మినికి ఆ వయసు ఇంకను రాలేదు.

నంబర్లను ఊరక వ్రాసికొనుటకన్న అచ్చు తీసికొనుట మేలు. పిల్లలు కాగితము క్రింద నాణెము పెట్టి పెన్సిలుతో రుద్దుదురు చూడుడు, అట్లే ఛాసిస్ నంబరు పొడిచిన చోట పలుచని కాగితము పెట్టి రుద్దినచో అంకెలు స్పష్టముగా వచ్చును. రవాణా కార్యాలయమువారును ఇట్లే చేయుదురు. దానితోపాటు బండిని నాలుగు వైపులనుండియు, లోపలను, మీకు మాత్రమే తెలిసిన సొట్టలను, అతుకులను ఫోటోలు తీసి యుంచుడు. మా బండిలో వెనుక సీటు క్రింద మా మామగారు తన పొడి అక్షరములు చెక్కి యుంచిరి. ముక్కలుగా విప్పి అమ్మినను ఆ రేకును నేను గుర్తుపట్టగలను. ఈ కాగితములు బండిలో ఉంచరాదు. అసలు ఆర్.సి.ని బండి సొరుగులో పెట్టుట దొంగకు తాంబూలమిచ్చుట వంటిది.

బీమా విషయమున, దొంగతనమునకును వర్తించు సమగ్ర బీమా అడుగవలెను. అయిదేండ్లు దాటిన బండి వెలను బీమా కంపెనీవారును, మనమును మాటలాడుకొని నిర్ణయింపవలెను. ఊరకున్నచో వారు తుక్కు వెల వ్రాయుదురు. మరమ్మతుల రసీదులు, ఫోటోలు చూపి, తగిన వెల వ్రాయించుకొనుడు. పాత బండియని ఒకచోట కాదన్నచో వేరొకచోట అడుగుడు. తాళపుచెవులు ఎన్నియున్నవో లెక్క యుండవలెను, పరిహారము కోరునప్పుడు అన్నిటిని చూపుమందురు.

దేవుడు చల్లగా చూచి ఆ యవసరము రాకుండుగాక. వచ్చినచో, చుట్టుప్రక్కల వెదకుచు పూట గడపవలదు. ముందు 112కు ఫోను. తరువాత ఫిర్యాదు. "మా పరిధి కాదు" అని త్రిప్పి పంపనవసరము లేకుండ, 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త చట్టము ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు వ్రాసికొనవలెనని చెప్పుచున్నది. ఇంటినుండియే ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, 3 దినములలో పోయి సంతకము చేయవచ్చును. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. అదే దినమున బీమా కంపెనీకి వ్రాతమూలకముగా తెలుపుడు. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసియున్నచో, తమకు చెప్పుటలో ఆలస్యమైనదను ఒక్క కారణముతో బీమావారు పరిహారము నిరాకరింపరాదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను ఆ తీర్పును నమ్ముకొని ఆలస్యము చేయనేల?

ఒకవేళ అమ్మదలచితిరా, చూడవచ్చినవాడు "ఒక చుట్టు తిప్పి చూస్తానండి" అనును. ఒంటరిగా ఇయ్యవలదు. వాని లైసెన్సు ఫోటో తీసికొని, మన మనిషి ప్రక్కన కూర్చుండగనే ఇయ్యవలెను. దీనికి మొగమాటపడి బండ్లు పోగొట్టుకొనినవారు కలరు.

మా అత్తగారికి ఇప్పుడు వక్క నమలుటకు పండ్లు లేవు. డబ్బా మాత్రము తలగడ ప్రక్కనే యుంచుకొన్నది. మొన్న మావారు బండి తీయుటకై రోటరు అడుగగా, "ఎక్కడికి? ఎప్పుడొస్తావు?" అని రెండు ప్రశ్నలు వేసి గాని ఇయ్యలేదు.

విశాఖ సోదరి యుత్తరములో మరియొక ప్రశ్న కలదు. నిలిపియుంచిన బండిలో ఎలుకలు చేరి తీగలు కొరుకుచున్నవట. దానికి మా యింట పనిచేసినదియు, పనిచేయనిదియు వచ్చే నెల వ్రాసెదను.